బరువులెత్తేవారికి ఇంటి కండిషనింగ్: రేపటి స్క్వాట్‌ను దెబ్బతీయని ఆయాసం ఏది?

తన శరీర బరువుకు రెండింతల బార్‌ను భుజాన వేసుకుని స్క్వాట్ చేయగల, అంటే కూర్చుని లేవగల మనిషి మూడంతస్తుల మెట్లెక్కేసరికి రొప్పుతూ నిలబడటం బరువులెత్తేవాళ్లలో అరుదేం కాదు. చిక్కల్లా దానికి పరిష్కారం, అంటే గుండె, ఊపిరి సత్తువ పెంచే కండిషనింగ్, వెతకబోయినప్పుడే మొదలవుతుంది. కార్డియో చేస్తే కండ కరిగిపోతుందని ఒకరంటారు. వారానికి మూడు నాలుగు గంటలు జోన్ 2లో, అంటే మాట్లాడగలిగేంత నెమ్మదైన శ్రమలో గడిపితే తప్ప గుండె బాగుపడదని ఇంకొకరు. సెకన్ల లెక్కన గట్టి శ్రమ, విశ్రాంతి మార్చి మార్చి చేసే నాలుగు నిమిషాల టబాటాతో పనైపోతుందని మరొకరు. ఇక ఇంట్లోకి ఏది తెచ్చుకోవాలన్న దగ్గరికి వచ్చేసరికి ఎయిర్ బైకా, రోయింగ్ మెషీనా, పిడి ఉన్న ఇనుప దిమ్మ కెటిల్‌బెల్లా, తాడా అంటూ ఇంకో వాదన.

ఈ మాటల్లో ప్రతిదాని వెనకా కొంత నిజం ఉంది. అయితే అవి ఎక్కువగా పరుగు, సైకిల్ పోటీలకు తయారయ్యేవాళ్లనో, అసలు వ్యాయామమే చేయనివాళ్లనో దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. వారానికి మూడు నాలుగు రోజులు బార్‌బెల్ పట్టుకునేవాళ్ల లెక్క వేరు. ఆయాసం తెప్పించడం దాదాపు ఏ పరికరమైనా చేయగలదు. ఆ ఆయాసం తగ్గాక కాళ్లలో, నడుములో, చేతి పట్టులో ఎంత అలసట మిగిలిపోతుందన్న దగ్గరే పరికరాల మధ్య అసలు తేడా బయటపడుతుంది. నా దృష్టిలో ఎంపికంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరగాలి.

కండిషనింగ్ అంటే శరీరంలో దేన్ని పెంచడం

కండరానికి శక్తి మూడు దారుల్లో అందుతుంది. మొదటిది కండరంలోనే నిల్వ ఉండే ఫాస్ఫోక్రియేటిన్. ఇది వెంటనే అందుతుంది, కానీ గరిష్ఠ శ్రమలో పది సెకన్ల ప్రాంతంలోనే చాలావరకు ఖాళీ అవుతుంది. మూడు రెప్‌ల (ఒక్కో ఎత్తుడు ఒక రెప్) భారీ డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది బార్‌ను లేపి నిలబడటం, ప్రధానంగా దీని మీదే నడుస్తుంది. రెండోది ఆక్సిజన్ అవసరం లేకుండా గ్లూకోజ్‌ను విడగొట్టే దారి. ముప్పై సెకన్ల నుంచి రెండు నిమిషాల దాకా సాగే తీవ్ర శ్రమలో తొడలు మండేది ఇది ముమ్మరంగా నడుస్తున్నప్పుడే. మూడోది ఆక్సిజన్‌తో పిండి పదార్థాన్నీ కొవ్వునూ మండించే ఏరోబిక్ దారి. నిదానంగా మొదలవుతుంది గానీ గంటల తరబడి ఆగదు.

బరువులెత్తేవాళ్లు ఈ మూడో దారిని తమకు సంబంధం లేనిదిగా చూస్తుంటారు. కానీ సెట్‌కూ సెట్‌కూ (ఆగకుండా చేసే కొన్ని రెప్‌లు ఒక సెట్) మధ్య మూడు నుంచి ఐదు నిమిషాల విశ్రాంతిలో ఖాళీ అయిన ఫాస్ఫోక్రియేటిన్ తిరిగి నిండేది ఏరోబిక్ వ్యవస్థ సాయంతోనే. ఆ వ్యవస్థ బలంగా ఉంటే ఒక్క గరిష్ఠ రెప్ పెద్దగా మారకపోవచ్చు, నాలుగో సెట్, ఐదో సెట్ మాత్రం మారతాయి. ఎనిమిది పది రెప్‌ల స్క్వాట్ సెట్ కాళ్ల వల్ల ఆగుతోందా, ఊపిరి అందక ఆగుతోందా అన్నది చేసేవాళ్లకు బాగానే తెలుస్తుంది.

బరువులెత్తినా గుండె కొట్టుకుంటుంది కదా!

ఇది న్యాయమైన ప్రశ్న. భారీ సెట్ తర్వాత చేతి గడియారం 150, 160 చూపిస్తుంది. మరి అది కార్డియో ఎందుకు కాదు?

గుండె వేగం పెరగడానికి దారితీసిన కారణం వేరు కాబట్టి. సైకిల్ తొక్కుతున్నప్పుడు కాళ్ల కండరాలు లయగా బిగుస్తూ సడలుతూ రక్తాన్ని పైకి నెడతాయి. గుండెకు ఎక్కువ రక్తం చేరుతుంది, అది ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతుంది. నెలల తరబడి ఇలా నిండుతూ ఉంటే ఎడమ జఠరిక పరిమాణం పెరుగుతుంది. భారీ బరువు కింద పరిస్థితి వేరు. బిగిసిన కండరం తనలోని రక్తనాళాలనే నొక్కేస్తుంది, ఊపిరి బిగబట్టి ఉంటాం, రక్తపోటు అమాంతం లేస్తుంది. 1985లో మెక్‌డూగల్ బృందం బాడీబిల్డర్ల ధమనిలోనే పోటు కొలిచినప్పుడు, రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేస్తుండగా సగటు 320/250 వచ్చింది. ఆ క్షణంలో గుండె ఎదుర్కొనేది ఒత్తిడి. సైకిల్ మీద ఎదుర్కొనేది పరిమాణం. గడియారానికి ఈ రెండింటి తేడా తెలియదు.

తేలికపాటి బరువులతో, తక్కువ విశ్రాంతితో, వరుసగా చేసే సర్క్యూట్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. వ్యాయామానికి కొత్తవాళ్లకు దానివల్ల ఏరోబిక్ సామర్థ్యం పెరిగినట్టు ఆధారాలున్నాయి. ఇప్పటికే బలంగా ఉన్నవాళ్లకు మాత్రం ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఊపిరి కోసం చేస్తే బరువు చాలదు, బరువు కోసం చేస్తే ఊపిరి కంటే ముందు భుజమో పట్టో ఆగిపోతుంది.

కండ కరిగిపోతుందన్న భయం ఎక్కడ పుట్టింది

1980లో రాబర్ట్ హిక్సన్ ఒక ప్రయోగం ప్రచురించారు. పది వారాలు, మూడు బృందాలు. ఒకటి బరువులు మాత్రమే, ఒకటి ఓర్పు వ్యాయామం మాత్రమే, మూడోది రెండూ. రెండూ చేసిన బృందం బలం ఏడో వారం దాకా బరువుల బృందంతో సమానంగా పెరిగింది. తర్వాత నిలిచిపోయింది, తొమ్మిది పది వారాల్లో తగ్గింది. అదే బృందం ఓర్పు మాత్రం ఏమీ దెబ్బతినలేదు. అప్పటి నుంచి దీన్ని 'ఇంటర్‌ఫియరెన్స్' అంటున్నారు. ఒక శిక్షణ ఇంకోదాని ఫలితానికి అడ్డు తగలడం అన్నమాట.

ఆ తర్వాత అణుస్థాయి వివరణ కూడా వచ్చింది. శక్తి నిల్వలు తగ్గినప్పుడు కణంలో ఏఎంపీకే అనే ఎంజైమ్ చురుగ్గా మారుతుంది. కండ పెరుగుదలకు ఆదేశమిచ్చే ఎంటార్ దారిని అది అణచగలదు. రెండు స్విచ్‌లు ఒకదాన్నొకటి ఆపేస్తాయన్న ఈ చిత్రం వినడానికి చక్కగా ఉంటుంది కాబట్టి బాగా వ్యాపించింది. మనుషుల్లో ఇది అంత శుభ్రంగా జరగదు. ఒక గంట పాటు ఒక ఎంజైమ్ ఎలా మారిందన్నదాన్ని బట్టి ఆరు నెలల తర్వాత తొడ చుట్టుకొలత ఎంతుంటుందో చెప్పలేం.

ఇక హిక్సన్ ప్రయోగంలో చేయించిన పని ఎంతో చూడాలి. బరువులు వారానికి ఐదు రోజులు, అదీ ఎక్కువగా కాళ్లకే. ఓర్పు వ్యాయామం వారానికి ఆరు రోజులు, రోజుకు దాదాపు 40 నిమిషాలు. అందులో మూడు రోజులు సైకిల్ మీద గరిష్ఠ సామర్థ్యానికి దగ్గరగా ఐదేసి నిమిషాల ఇంటర్వెల్స్ (మధ్యలో విరామాలతో చేసే గట్టి శ్రమ), మిగతా మూడు రోజులు వీలైనంత వేగంగా పరుగు. అంటే కాళ్లకు వారంలో పదకొండు కఠిన సెషన్లు. ఏడు వారాలు ఆ కాళ్ల బలం పెరుగుతూనే ఉందన్నదే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించే భాగం. వారానికి రెండు సార్లు అరగంట సైకిల్ తొక్కేవాళ్లకు ఈ ప్రయోగాన్ని చూపించి భయపెట్టడం సరికాదు.

తర్వాతి పరిశోధనలు బొమ్మను మెల్లగా సరిదిద్దాయి. 2012లో విల్సన్ బృందం 21 అధ్యయనాలను కలిపి చూసి, అడ్డంకి ఎక్కువగా పరుగుతోనే కనిపిస్తోందనీ, సైకిల్‌తో అంతగా లేదనీ, ఓర్పు శిక్షణ రోజులూ నిమిషాలూ పెరిగేకొద్దీ అది పెరుగుతోందనీ చెప్పింది. 2022లో షూమాన్ బృందం 43 అధ్యయనాలు కలిపి చూస్తే గరిష్ఠ బలానికీ, కండ పరిమాణానికీ చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. దూకడం, విసరడం లాంటి పేలుడు బలం కొద్దిగా దెబ్బతింది, ముఖ్యంగా రెండూ ఒకే సెషన్‌లో చేసినప్పుడు.

దీన్నిబట్టి భయం పూర్తిగా వట్టిదేనా? అలా అనలేం. ఆ అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో చాలామంది ఏళ్ల తరబడి భారీ బరువులెత్తినవాళ్లు కాదు. తన పరిమితి అంచున శిక్షణ చేసే పవర్‌లిఫ్టర్‌కు చిన్న నష్టం కూడా పెద్దదే. కాబట్టి మామూలుగా బరువులెత్తేవాళ్లు మితమైన కండిషనింగ్‌కు జంకాల్సిన పని లేదు, పోటీకి సిద్ధమవుతున్నవాళ్లు ఏ రకం, ఏ రోజు అన్నది చూసుకోవాలి అన్నంత వరకే సాక్ష్యం మనకు అనుమతిస్తుంది.

మిగిలిపోయే అలసట ఎక్కడి నుంచి వస్తుంది

రెండు పరికరాలు ఒకేలా రొప్పించినా, మర్నాడు ఒకదాని తర్వాత కాళ్లు తేలిగ్గా, ఇంకోదాని తర్వాత కర్రల్లా ఉండటానికి ప్రధాన కారణం ఎక్సెంట్రిక్ పని. బరువును మోస్తూనే కండరం సాగడాన్ని అలా అంటారు. మెట్లు దిగేటప్పుడు, పరుగులో పాదం నేలను తాకేటప్పుడు, దూకి దిగేటప్పుడు తొడ కండరాలు చేసేది ఇదే. ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే ఒళ్లు నొప్పులకు ఇదే మూలం. సైకిల్ పెడల్‌లో, స్లెడ్ (బరువులు పెట్టి నేల మీద నెట్టే చట్రం) తోయడంలో ఇది దాదాపు ఉండదు.

రెండోది తాకిడి. పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం తిరిగి వస్తుంది. అరవై కిలోల పరుగువీరుడికి ఇది రోజువారీ వ్యవహారం. వంద కిలోల లిఫ్టర్ మోకాళ్లకు, పిక్కలకు అదే దూరం చాలా పెద్ద పని.

మూడోది బరువుల రోజున కావాల్సిన భాగాలే ఇక్కడా అరిగిపోవడం. డెడ్‌లిఫ్ట్‌కు నడుమూ పట్టూ కావాలి. కెటిల్‌బెల్‌ను కాళ్ల మధ్య నుంచి ముందుకు ఊపే స్వింగ్‌కూ, రోయింగ్‌కూ కావాల్సింది అవే. అందుకే 'ఒళ్లంతా పనిచేస్తుంది' అన్న ప్రచారం బరువులెత్తేవాళ్ల విషయంలో ఎప్పుడూ మంచి గుణమే అనుకోకూడదు.

వీటితో పాటు, చేసిన పనిని పరికరం అంకెలో చూపించగలదా లేదా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బార్ మీద రెండున్నర కిలోలు పెంచడం అలవాటైనవాళ్లకు, పోయిన వారం కంటే ఈ వారం ఎంత ఎక్కువ చేశామో తెలియని వ్యాయామం ఎక్కువ కాలం నిలవదు.

సైకిల్, ఎయిర్ బైక్

మామూలు స్థిర సైకిల్‌కు ఆకర్షణ తక్కువ, ఉపయోగం ఎక్కువ. శరీర బరువు సీటు మోస్తుంది, తాకిడి లేదు, ఎక్సెంట్రిక్ పని లేదు, నడుముకు భారం లేదు. అయస్కాంత నిరోధం ఉన్నవి చప్పుడు చేయవు. మీటర్ వాట్లు చూపిస్తే ఈ వారం 120 వాట్ల దగ్గర గుండె వేగం 138, రెండు నెలల తర్వాత అదే వాట్లకు 129 అని పోల్చుకోవచ్చు. నెమ్మదైన, పొడవైన సెషన్లకు ఇంతకంటే నిక్కచ్చి పరికరం దొరకడం కష్టం.

ఎయిర్ బైక్‌లో చక్రం బదులు ఫ్యాన్ ఉంటుంది, చేతులు కూడా కదులుతాయి. గాలి నిరోధంలో పవర్ వేగపు ఘనంతో పెరుగుతుంది. లెక్క చూడండి: ఫ్యాన్ వేగం 10 శాతం పెంచాలంటే పవర్ 1.1 × 1.1 × 1.1, అంటే దాదాపు 1.33 రెట్లు కావాలి. వేగం రెట్టింపు చేయాలంటే ఎనిమిది రెట్లు. అందుకే ఈ సైకిల్ మీద కొంచెం తొందరపడినా ఊపిరి సలపదు. చిన్న ఇంటర్వెల్స్‌కు ఇది దొడ్డ పరికరం, మర్నాడు నొప్పులు కూడా తక్కువే. నెమ్మదిగా తొక్కడమూ సాధ్యమే గానీ, చేతులతో కలిపి నలభై నిమిషాలు నిలకడగా ఉండటానికి ఓపిక కావాలి. ఫ్యాన్ హోరు గదిలో మాట్లాడుకోనివ్వదు.

రోయింగ్ మెషీన్

ఇక్కడ అంకెలు మరీ ముచ్చటగా ఉంటాయి. కాన్సెప్ట్2 కంపెనీ మెషీన్ 500 మీటర్లకు పట్టే సమయాన్ని వాట్లలోకి మార్చే సూత్రం ఇది: ఒక మీటరుకు పట్టే సెకన్ల ఘనంతో 2.80ను భాగించాలి. 500 మీటర్లకు 2:30 అంటే మీటరుకు 0.30 సెకన్లు. 0.30 ఘనం 0.027. 2.80ను దానితో భాగిస్తే దాదాపు 104 వాట్లు. 2:00 అంటే మీటరుకు 0.24 సెకన్లు, ఘనం 0.0138, ఫలితం 203 వాట్లు. తెర మీద ముప్పై సెకన్ల తేడాగా కనిపించేది నిజానికి దాదాపు రెట్టింపు పని. నెమ్మదైన సెషన్‌ను '2:30 మరీ సిగ్గుచేటు' అని 2:10కి లాగేవాళ్లు 104 నుంచి 159 వాట్లకు వెళ్తున్నారు. ఇక అది నెమ్మదైన సెషన్ కాదు.

బరువులెత్తేవాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఫ్యాన్ పక్కనుండే డ్యాంపర్ పిడి. దాని మీది 10ని 'అత్యంత కఠినం' అనుకుని అక్కడే పెడతారు. అది ఫ్యాన్‌లోకి వచ్చే గాలిని మాత్రమే నిర్ణయిస్తుంది. గాలి ఎక్కువైతే ప్రతి లాగుడూ నెమ్మదిగా, బరువుగా, డెడ్‌లిఫ్ట్‌ను పోలి ఉంటుంది. గుండె కంటే ముందు నడుమూ ముంజేతులూ అలసిపోతాయి. డ్యాంపర్ 3 నుంచి 5 మధ్య పెట్టి చురుగ్గా లాగినా అదే వాట్లు రాబట్టవచ్చు.

రోయింగ్‌లో తాకిడి లేదు, కాళ్ల ఎక్సెంట్రిక్ పని తక్కువ, బరువైన శరీరానికి నష్టం లేదు. మైనస్ అంతా నడుము దగ్గరే ఉంది. మర్నాడు డెడ్‌లిఫ్ట్ ఉన్నప్పుడు కఠినమైన రోయింగ్ ఇంటర్వెల్స్ పెడితే ఆ భారం బార్ దగ్గర కనిపిస్తుంది.

తాడు, కెటిల్‌బెల్, స్లెడ్, పరుగు

తాడు చోటు అడగదు. తాకిడి పరుగు కంటే చిన్నదే అయినా, నిమిషానికి వంద పైచిలుకు గెంతులు పిక్కల మీదా మడమ వెనకుండే టెండన్ మీదా పడతాయి. కొత్తలో చాలామందికి నైపుణ్యమే అడ్డు, రెండు నిమిషాలు తప్పకుండా గెంతలేకపోతే గుండెకు పని అందదు.

కెటిల్‌బెల్ స్వింగ్ ఒక్క దిమ్మతో గుండె వేగాన్ని పైకి తీసుకెళ్తుంది. కాకపోతే పైన చెప్పుకున్న తిరకాసు ఇక్కడా ఉంది. ట్రెడ్‌మిల్ మీద అదే గుండె వేగంతో పోలిస్తే ఆక్సిజన్ వాడకం తక్కువగా నమోదవుతుంది. తుంటి కండరాలకు మంచి పని, నడుముకూ పట్టుకూ చెప్పుకోదగ్గ భారం. స్వింగ్‌ను బరువుల శిక్షణలో భాగంగా లెక్కేస్తే అలసట లెక్కలో పొరపాటు రాదు.

స్లెడ్‌ది ప్రత్యేక స్థానం. తోయడమే తప్ప దించడం లేదు కాబట్టి కాళ్లు బాగా శ్రమించినా మర్నాటి నొప్పి బహు తక్కువ. దానికి చదునైన పొడవాటి జాగా కావాలి. ఇంట్లో అది లేనివాళ్లే ఎక్కువ.

పరుగు మంచి వ్యాయామం. పరుగంటే ఇష్టం ఉన్న లిఫ్టర్‌ను మాన్పించడానికి కారణం లేదు. కాళ్లకు వారాల తరబడి మెల్లగా అలవాటు చేయాలన్నదే దాని ధర. ట్రెడ్‌మిల్ మీద వాలు పెంచి వేగంగా నడవడం ఇదే గుండె పనిని చాలా తక్కువ తాకిడితో ఇస్తుంది.

ఒక గట్టి పెట్టె చాలదా?

పరికరం కొనకుండానే కొలవగలిగే వ్యాయామం కావాలనుకునేవాళ్లు మెట్టును చిన్నచూపు చూస్తారు. 1943లో హార్వర్డ్ ఫెటీగ్ ల్యాబొరేటరీ తయారుచేసిన స్టెప్ పరీక్షకు వాడింది 50.8 సెంటీమీటర్ల ఎత్తు బల్ల మాత్రమే. నిమిషానికి 30 సార్లు, ఐదు నిమిషాలు.

80 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల మెట్టును నిమిషానికి 20 సార్లు ఎక్కితే: 80 × 9.8 × 0.3 = 235 జౌళ్లు ఒక్కో ఎక్కుడుకు. ఇరవైతో గుణించి అరవైతో భాగిస్తే 78 వాట్లు. ఎత్తు 40 సెంటీమీటర్లకు, లయ 24కు పెంచితే 125 వాట్లు. 10 కిలోల బరువు జాకెట్ (వెస్ట్) వేసుకుంటే 141. హార్వర్డ్ పరీక్ష లెక్కన చూస్తే అదే మనిషికి 199 వాట్లు. ఎత్తు, లయ, బరువు అనే మూడు పిడులు చేతిలో ఉన్నట్టే. దిగేటప్పుడు తొడలకు ఎక్సెంట్రిక్ పని ఉంటుంది కాబట్టి మొదటి రెండు వారాలు నొప్పులు తప్పవు. అలవాటయ్యాక బాగా తగ్గుతాయి.

'60–70 శాతం' అన్న మాట రెండు వేర్వేరు వేగాలు చూపిస్తుంది

జోన్ 2 అంటే రక్తంలో లాక్టేట్ (గ్లూకోజ్ విడిపోయినప్పుడు పుట్టే పదార్థం) పెరగడం మొదలయ్యే గీతకు కాస్త కింద ఉండే తీవ్రత. ప్రయోగశాల లేనప్పుడు దాన్ని గుండె వేగంతో అంచనా వేస్తారు. తికమక అక్కడే పుడుతుంది.

35 ఏళ్ల మనిషిని తీసుకుందాం, విశ్రాంతిలో గుండె వేగం 65. తనాకా బృందం 2001లో ఇచ్చిన సూత్రం ప్రకారం గరిష్ఠం 208లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేస్తే, దాదాపు 184. దానిలో నేరుగా 60–70 శాతం అంటే 110 నుంచి 129. కార్వోనెన్ పద్ధతిలో గరిష్ఠానికీ విశ్రాంతికీ మధ్య తేడా, అంటే 119, దానిలో 60–70 శాతం తీసుకుని 65కు కలపాలి. అప్పుడు 136 నుంచి 148. ఒకే శాతం, రెండు వేర్వేరు వ్యాయామాలు. ఒకటి హాయిగా సాగేది, ఇంకోది చెమటలు పట్టించేది. ఇద్దరు 'నేను జోన్ 2 చేస్తున్నా' అని వాదించుకుంటున్నప్పుడు చాలాసార్లు వాళ్ల మధ్య తేడా ఇదే.

పైగా గరిష్ఠం అన్నదే సగటు. ఒకే వయసున్న ఇద్దరికి నిజమైన గరిష్ఠాలు పది, ఇరవై దాకా తేడాగా ఉండొచ్చు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకు ఈ సూత్రాలు అసలు పనికిరావు, గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఛాతీ నొప్పి ఉన్నవాళ్ల తీవ్రతను డాక్టరే నిర్ణయించాలి. మిగతావాళ్లకు మాట పరీక్ష అంకె కంటే నమ్మదగ్గది. పూర్తి వాక్యాలు ఆగకుండా చెప్పగలుగుతూ, పాట మాత్రం పాడలేని స్థితిలో ఉంటే దాదాపు సరైన చోటే ఉన్నట్టు.

నెమ్మదిగా ఎక్కువసేపా, గట్టిగా కాసేపా

గట్టిగా చేయాలనేవాళ్ల చేతిలో మంచి సాక్ష్యం ఉంది. 2007లో నార్వేలో హెల్గెరుడ్ బృందం మొత్తం పని సమానంగా ఉంచి నాలుగు పద్ధతులు పోల్చింది. గరిష్ఠ గుండె వేగంలో 90–95 శాతం దగ్గర నాలుగేసి నిమిషాలు నాలుగు సార్లు పరుగెత్తిన బృందానికి వీఓ2 మ్యాక్స్, అంటే శరీరం నిమిషంలో వాడగలిగే గరిష్ఠ ఆక్సిజన్, ఎనిమిది వారాల్లో 7.2 శాతం పెరిగింది. నెమ్మదిగా పరుగెత్తిన బృందంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

నెమ్మది పక్షం జవాబూ గట్టిదే. ఆ పోలికలో మొత్తం పని సమానం. నిజ జీవితంలో నెమ్మదైన వ్యాయామానికున్న బలమే అది ఎక్కువసేపు, ఎక్కువ రోజులు చేయగలగడం. పొద్దున స్క్వాట్, సాయంత్రం నలభై నిమిషాల తేలికపాటి సైకిల్ కుదురుతుంది. పొద్దున స్క్వాట్, సాయంత్రం నాలుగు నాలుగు నిమిషాల ఇంటర్వెల్స్ అన్నది ఎన్ని వారాలు సాగుతుంది?

టబాటా పేరుతో జరుగుతున్నదాని గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇజుమి టబాటా 1996లో ప్రచురించిన ప్రయోగంలో 20 సెకన్ల పని, 10 సెకన్ల విశ్రాంతి, ఏడెనిమిది సార్లు. చేసింది సైకిల్ మీద, వీఓ2 మ్యాక్స్‌కు సరిపడే పవర్‌కు 170 శాతం దగ్గర. ఆ పవర్ 250 వాట్లు ఉన్న మనిషికి ఇది 425 వాట్లు. వారంలో నాలుగు రోజులు అది, ఐదో రోజు అరగంట మామూలు సైకిల్, ఆపైన కొన్ని సెట్లు. ఆరు వారాల్లో వీఓ2 మ్యాక్స్ కిలోకు నిమిషానికి 7 మిల్లీలీటర్లు పెరిగింది. గంటసేపు 70 శాతం దగ్గర తొక్కిన బృందానికి పెరిగింది 5. నేల మీద వట్టి గుంజీలతో అదే గడియారం పెట్టుకోవడం వేరే వ్యాయామం. చెడ్డదేమీ కాదు, ఆ ఫలితాలను మాత్రం దానికి ఆపాదించకూడదు. ఎయిర్ బైక్ మీదైతే ఆ తీవ్రతకు దగ్గరగా వెళ్లొచ్చు, చివరి సెట్ పూర్తిచేయలేని స్థితి వస్తుంది కూడా.

ఇద్దరి వారాలు

మొదటి వ్యక్తి: సోమవారం స్క్వాట్, మంగళవారం బెంచ్ ప్రెస్, గురువారం డెడ్‌లిఫ్ట్, శుక్రవారం ఓవర్‌హెడ్ ప్రెస్. ఇంట్లో సైకిల్ ఉంది. కఠిన ఇంటర్వెల్స్ బుధవారం ఖాళీగా ఉంది కదా అని అక్కడ పెడితే గురువారం డెడ్‌లిఫ్ట్‌కు కాళ్లు అలసి ఉంటాయి. శుక్రవారం ప్రెస్ తర్వాత పెడితే సోమవారం స్క్వాట్‌కు రెండు పూర్తి రోజులు మిగులుతాయి. బుధవారం 45 నిమిషాలు, శనివారం 60 నిమిషాలు నెమ్మదిగా తొక్కవచ్చు.

ఇది చాలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచన ప్రకారం వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాలు తీవ్ర వ్యాయామం, లేదా రెండింటి కలయిక. ఒక తీవ్ర నిమిషాన్ని రెండు మధ్యస్థ నిమిషాలుగా లెక్కేయవచ్చు. 45 + 60 = 105. శుక్రవారం నాలుగేసి నిమిషాలు నాలుగు సార్లు, అంటే 16 కఠిన నిమిషాలు 32తో సమానం, మొత్తం 137. ఆరోజు వార్మప్ పది నిమిషాలు, ఇంటర్వెల్స్ మధ్య మూడేసి నిమిషాల తేలిక తొక్కుడు తొమ్మిది నిమిషాలు కలిపితే 156. కాళ్ల బరువుల రోజుల్ని తాకకుండానే గీత దాటింది.

ఇదే మనిషి దగ్గర సైకిల్ బదులు రోయింగ్ మెషీన్ ఉంటే శుక్రవారం సెషన్ అలాగే నిలుస్తుంది. బుధవారం సెషన్ మాత్రం కుదించాలి, లేదా వేగం మరీ తగ్గించాలి.

రెండో వ్యక్తి: 95 కిలోలు, పై అంతస్తులో చిన్న గది, వారానికి మూడు రోజులు ఒళ్లంతటికీ బరువులు, మోకాళ్లలో అప్పుడప్పుడు నొప్పి. తాడు గెంతితే కింది ఇంటివాళ్లకు నిద్ర ఉండదు, మోకాళ్లకు సుఖం ఉండదు. ఎయిర్ బైక్ హోరు కూడా అక్కడ సమస్యే. చప్పుడు లేని అయస్కాంత సైకిల్ సరిపోతుంది. అదీ పట్టకపోతే 20 సెంటీమీటర్ల మెట్టు, నిమిషానికి 20 ఎక్కుళ్లు: 95 × 9.8 × 0.2 × 20 ÷ 60 = 62 వాట్లు. వినడానికి చిన్న అంకె. వ్యాయామానికి దూరంగా ఉన్న గుండెను మాట పరీక్ష గీత దగ్గరికి తీసుకెళ్లడానికి అది చాలు, ఎత్తు పెంచే ముందు మోకాళ్లు ఏమంటున్నాయో తెలుసుకోవడానికీ వీలుంటుంది. మూడు రోజులూ కాళ్ల పని ఉంది కాబట్టి పూర్తిగా ఖాళీగా ఉండే రోజు దొరకదు. ఇలాంటివాళ్లకు బరువులు ముందు, కండిషనింగ్ తర్వాత, వీలైతే మధ్యలో ఆరు గంటల ఎడం ఉండే అమరిక ఒకే సెషన్‌లో కుక్కడం కంటే మెరుగు.

అడ్డు తగులుతోందో లేదో ఎలా తెలుస్తుంది

స్క్వాట్‌లో ఐదు రెప్‌ల బరువు రెండు వారాలుగా నాలుగే వస్తోందనుకుందాం. వెంటనే కార్డియో మీద నేరం మోపడం తేలిక. ముందు చూడాల్సింది అది మిగిలిన అలసటా, నిజంగా బలమే తగ్గిందా అన్నది. మూడు నాలుగు రోజులు కండిషనింగ్ ఆపి మళ్లీ ఎత్తినప్పుడు ఐదో రెప్ తిరిగి వస్తే బలం ఎక్కడికీ పోలేదు, రోజుల అమరికే తప్పు. కఠిన సెషన్‌ను వేరే రోజుకు జరపడం, లేదా అదే గుండె పనిని తక్కువ ఎక్సెంట్రిక్ భారం ఉన్న పరికరం మీదికి మార్చడం సరిపోతుంది. విశ్రాంతి తర్వాత కూడా రాకపోతే తిండి తగ్గిందా, నిద్ర తగ్గిందా, శరీర బరువు పడిపోతోందా అన్నవి చూడాలి. కండిషనింగ్ మొదలుపెట్టినవాళ్లు అదే సమయంలో తిండి కూడా కోసేయడం తరచూ జరుగుతుంది. అప్పుడు సైకిల్ చేసిన నష్టంగా కనిపించేది చాలావరకు కేలరీల లోటు చేసిన నష్టం. ఈ రెండూ ఒకే వారంలో మొదలుపెడితే ఏది ఎంత లాగిందో ఏ నోట్‌బుక్కూ చెప్పలేదు. అందుకే కండిషనింగ్‌ను ముందు తెచ్చి, నాలుగైదు వారాల పాటు బార్ అంకెలు నిలకడగా ఉన్నాయని చూశాక తిండి మార్చేవాళ్లకు ఈ చిక్కుముడి ఎదురవదు.